టమాటా నారును నిమిరిన చెయ్యి

జీవితమంతా బట్టలు కుట్టిన కుడిచెయ్యి అది. పక్షవాతం వచ్చి తగ్గాక సూది పట్టడం మానేసింది. ఆవిడ కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి, ఈ ఇంట్లో ఇక తన అవసరం తీరిపోయిందనుకుంది.

కోడలు ఇంటి వెనక షెడ్డులో నారు పెంచి రైతులకు అమ్ముతుంది. ఒకరోజు పొద్దున్నే అత్తగారిని చెయ్యి పట్టి నడిపించుకెళ్లి, టమాటా నారు ట్రేల ముందు కుర్చీ వేసింది.

"అత్తయ్యా, దీన్ని రోజూ రెండు పూటలా అరచేత్తో నిమరండి. తలలు వంగి లేవాలి."

"ఇవేమన్నా పసిపిల్లలా, జోకొట్టడానికి?"

"జోకొట్టడం కాదు, బెదిరించడం! ఏదో మీద పడుతోందని మొక్క అనుకోవాలి. అప్పుడు లోపల జాస్మోనేట్ అనే హార్మోను ఊరుతుంది. పొడుగు సాగడం తగ్గించి కాండం గట్టి చేసుకుంటుంది. రేపు పురుగొచ్చినా తట్టుకోడానికి సిద్ధంగా ఉంటుంది."

"నేను దిగులుపడతానని కల్పించావు కదూ?"

కోడలు నవ్వి నీళ్ల గొట్టం అందుకుంది. ఆ నవ్వుతో ఆవిడ అనుమానం గట్టిపడింది. అయినా పిల్ల మనసు నొప్పించడం ఇష్టంలేక నిమిరింది. గోడవార వరస మాత్రం వదిలేసింది. ఉత్తుత్తి పనికి కుర్చీ జరుపుకోవడం కూడానా!

కొన్నాళ్లకు ఆ వరసే అన్నిటికన్నా ఏపుగా లేచింది. 'నా చెయ్యి తగలనివే బాగున్నాయి' అనుకుని లోలోపల కుంగిపోయింది.

నాటడానికి ముందు ఎండకూ గాలికీ అలవాటు పడాలని కోడలు ట్రేలన్నీ ఆరుబయట పెట్టింది. ఆ సాయంత్రమే ఈదురుగాలి కొట్టింది. గాలి తగ్గాక చూస్తే ఆవిడ నిమిరిన పొట్టి నారంతా నిటారుగా ఉంది. గోడవార వరస నేలకు ఒరిగిపోయింది.

కోడలు నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఈ వరసకి సెలవిచ్చారా అత్తయ్యా?"

"అయితే నువ్వు చెప్పింది నిజమేనా?"

"మిమ్మల్ని మరిపించాలంటే టీవీ పెట్టేదాన్ని కదా! నాకు చేతులు చాలకే పిలిచాను."

ఆవిడ కళ్లు నిండాయి. జాలిపడి మాట్లాడినవాళ్లు చాలామందే ఉన్నారు. పని అడిగింది ఈ పిల్ల ఒక్కతే. ఒరిగిన మొక్కనొకదాన్ని వేలితో లేపింది.

"ఇవి బతుకుతాయా?" అంది.

"కాస్త లోతుగా నాటితే బతుకుతాయి. మన పెరట్లో పెట్టుకుందాం."

"గుంటలు తియ్యి. మొక్క నేను పట్టుకుంటా," అని కుడిచెయ్యి చాచింది.