ఒక్క పేజీ చాలన్నారు

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం యాప్ తయారుచేసే చిన్న ఆఫీసులో నేను పనిచేస్తున్న రోజులవి. యాప్ ఎలా వాడాలో రైతులకు తెలుగులో గైడ్ రాసిచ్చే పని నాది.

మా వైపు ఒకే లారీలో వచ్చిన బస్తాలన్నీ ఎవరో ఒకరి పేరు మీదే స్టోరేజీలో పెట్టేస్తారు. అంతా అయినవాళ్లే కదా అని ధీమా. అందుకే 'అమ్మకం బటన్ నొక్కేముందు ఎవరి బస్తాలు వాళ్ల పేరున విడదీయండి' అని, అదెలాగో బొమ్మలతో సహా రాశాను.

మేనేజరుగారు మొత్తం కొట్టేశారు. "ఇంత ఎవరు చదువుతారమ్మా? ఒక్క పేజీ చాలు. ఆ మాత్రం వాళ్లకి తెలీదా?"

"తెలీదండీ. ఒక్కసారి నొక్కితే అందరివీ అమ్ముడైపోతాయి" అన్నాను. వింటేగా!

నెల తిరక్కుండానే ఒక పెద్దావిడ ఆఫీసుకొచ్చింది. ధర పెరిగాక అమ్ముదామని ఉంచుకున్న ఆవిడ మిర్చి, మరిది తన బస్తాలు అమ్ముకోబోతే వాటితోపాటే అమ్ముడైపోయిందట.

"నా కాయలు నేను అమ్మలా! ఎట్టా పోయినయ్యి?" అని అరిచింది.

మేనేజరుగారు నావైపు వేలు చూపించారు. "గైడ్ రాసింది ఈవిడే. ఈవిడనే అడగండి."

ఆఫీసంతా నన్నే చూసింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఆ ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేదే తల్లీ?" అంది.

మర్నాడు గైడ్‌లో కొత్త వాక్యం చేర్చమన్నారు: 'పొరపాటు అమ్మకాలకు కంపెనీ బాధ్యత వహించదు.'

నా వాక్యానికి లేని చోటు, దానికి అదే పేజీలో దొరికింది.