ఫిల్టర్ బెడ్డు కడిగించిన వారం

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవలు పుట్టాక. నేర్పింది మా ఆడపడుచు. విజయవాడలో ప్రజారోగ్యం మీద ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, పేపరులో ఆరోగ్యం గురించిన వార్త ఒకటి నాచేత చదివించేది. కొత్త ఆసుపత్రి, కొత్త కార్డు అంటూ నేను కూడబలుక్కుంటుంటే అవతల నిట్టూర్చేది.

"ఏ పార్టీ వచ్చినా ఇంతే వదినా. జబ్బు వచ్చాక ఏం చేస్తారో చెప్తారు. రాకుండా చూసేదానికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు."

"రాని జబ్బుకి ఫొటో ఎట్టా తీస్తారమ్మా?" అన్నానొకసారి. చాలాసేపు నవ్వింది.

ఉయ్యూరు దగ్గర మా ఊళ్లో ఆరోగ్య శిబిరం పెట్టి, ఒక నాయకుణ్ణి పిలిచారు. మా ఆడపడుచును కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. ముందురోజే వచ్చింది. సాయంత్రం మంచినీళ్ల చెరువు చూపించడానికి తీసుకెళ్లాను. కాలవ నీళ్లు ఆ చెరువులో నిలిచి, ఇసుక ఫిల్టర్ బెడ్డులో వడకట్టుకుని మా కుళాయిల్లోకి వస్తాయి. నాయకుడొస్తున్నాడని సర్పంచి గారు ఆ ఇసుక మీది పాచంతా గీకించి, కడిగించి, గోడలకు సున్నం వేయించారు. మేమంతా మెచ్చుకున్నాం. బిందెను చింతపండుతో తళతళా తోముకునేవాళ్లం కదా, ఇదీ అంతేననుకున్నాం.

ఆమె గట్టు మీద కూర్చుండిపోయింది.

"నీళ్లను బాగుచేసేది ఆ పాచే వదినా. క్రిములు చచ్చేది ఆ పొరలోనే. అది మళ్లీ పట్టేదాకా మీరు తాగేది చెరువు నీళ్లే."

మా కోడలు చంటిదానికి నీళ్లు పట్టడం మొదలుపెట్టింది ఆ వారమే.

కబురు పెడితే సర్పంచి గారు పరుగున వచ్చారు. "మేడమ్ గారూ, రేపు సార్ స్టేజీ మీద మన కుళాయి నీళ్లే తాగుతారండీ. ఇప్పుడు మైకులో చెప్తే నా పరువేం కానండీ?"

"మీ తప్పు లేదండీ. ఈ పని తెలిసిన మనిషి రిటైరైతే ఆ పోస్టే నింపలేదు. ఆయనకిచ్చే నీళ్లు కూడా కాచి చల్లార్చండి. మైకు వద్దు. కుళాయిల దగ్గర రాయించండి."

"ఇంత పొద్దుపోయాక ఎవరు రాస్తారండీ?"

"మా వదిన రాస్తుంది."

సుద్దముక్క పట్టుకుని కుళాయి కుళాయికీ తిరిగాను. 'నీళ్లు కాచి తాగండి' అని గోడ మీద రాస్తుంటే, బిందెతో వచ్చిన పక్కింటామె నవ్వింది.

"ఏంటి పిన్నీ, ఎలక్షన్లో నిలబడతన్నావా?"

"ముందు నీళ్లు కాచుకోవే. ఓటు తర్వాత అడుగుతా."

మర్నాడు సభలో మా ఆడపడుచు ఎవర్నీ తిట్టలేదు, పొగడలేదు. ఫిల్టర్ బెడ్డు చూసుకోవడానికి పని తెలిసిన మనిషిని ఇమ్మని మాత్రం అడిగింది. నాయకుడు తల ఊపి, కాచిన నీళ్లు తాగి వెళ్లాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె పేపరు చదవమనలేదు. "పాచి పట్టిందా వదినా?" అన్నదొక్కటే ప్రశ్న. ఒకరోజు ఇసుక మీద పచ్చదనం చూసి చెప్పాను. సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపించమంది. బాగున్నాయని తేలాక, గోడల మీది నా అక్షరాలను నేనే తడిగుడ్డతో తుడిచేశాను.

చంటిదానికి ఏమీ కాలేదు. ఫిల్టర్ బెడ్డుకి మనిషిని మాత్రం ఇంకా వేయలేదు. పేపరులో ఆ వార్త కోసం వెతుకుతూనే ఉన్నాను.