సౌదీ క్యాసెట్టులో నాయన ముఖం

నా చిన్నప్పుడు మా ఆళ్లగడ్డ వీధిలో ఎవరికీ సొంత టీవీ లేదు. కావాలంటే నంద్యాల నుంచి ఒకాయన కలర్ టీవీ, వీడియో పెట్టె బస్సు మీద వేసుకుని అద్దెకు తెచ్చేవాడు. ఊరంతా ఆయన్ని వీడియో అన్న అనేది. ఆ ఆదివారం మా అమ్మ ఆయన్ని పిలిపించింది సినిమా కోసం కాదు, మా నాయన్ని చూడడం కోసం.

నాయన బేతంచెర్ల బండల లారీ వదిలి సౌదీకి డ్రైవరుగా పోయి రెండేళ్లు దాటింది. అక్కడ ఎవరో కెమెరాతో తీసిన క్యాసెట్టును, సెలవు మీద వచ్చిన మనిషి చేత పంపాడు. చర్చి నుంచి వచ్చీ రాగానే కిటికీలకు దుప్పట్లు కట్టాం. నేను మూడో తరగతి. ముందు వరుసలో కూర్చున్నదాన్ని ఎవరు జరగమన్నా జరగలేదు.

బొమ్మ వచ్చింది గానీ రంగు రాలేదు. నాయన ఒక తలుపు ముందు నిలబడి చేయి ఊపుతున్నాడు. ముఖం బూడిద పూసినట్టుంది. కళ్లూ నోరూ ఒక పక్కకు లాక్కుపోయి ఉన్నాయి. మాట గురగురల మధ్య ముద్దగా వినిపిస్తోంది. అమ్మ లేచి నిలబడింది.

"ఈ మనిషికి పక్షవాతం వచ్చింది. జాబుల్లో దాచిపెట్టినాడు," అంది.

అంతకుముందు ఏడాదే అమ్మ వాళ్ల నాయన అట్లాగే మూతి వంకరపోయి, మంచాన పడి చనిపోయాడు. అందుకని ఎవరూ ఆమెను కాదనలేకపోయారు. నాయనను కన్న మా జేజి ఏడుపు మొదలుపెట్టింది. చిన్నాయన టెలిగ్రాం ఇచ్చి రప్పిద్దామని చొక్కా తొడుక్కున్నాడు. మధ్యలో వచ్చేస్తే ఆ పని మళ్లీ దొరకదని ఇంట్లో అందరికీ తెలుసు. పెట్టెలో నవ్వుతున్న నాయన్ని చూసి వీళ్లెందుకు ఏడుస్తున్నారో నాకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు.

పెట్టె చెడిందేమోనని వీడియో అన్న ఒక సినిమా క్యాసెట్టు వేశాడు. అది రంగుల్లో, తిన్నగా వచ్చింది. పాపం, ధైర్యం చెబుదామని చేసిన పని ఉన్న ధైర్యాన్నీ పోగొట్టింది. పెట్టె బాగుంటే ఇక చెడింది మనిషే అని జేజి గొంతు పెంచింది.

ఆయన మళ్లీ నాయన క్యాసెట్టే వేసి, గుండీలు తిప్పడం మానేసి, చాలాసేపు ఊరికే చూశాడు. తర్వాత నా చేత బడి స్కేలు తెప్పించి టీవీ అద్దానికి నిలువుగా ఆనించాడు.

"అక్కా, అన్న మొఖం వద్దు. ఎనకాల ఉండే తలుపు చూడు," అన్నాడు.

తలుపు అంచు కింద స్కేలు వెంబడే ఉంది. పైన మాత్రం పక్కకు వంగిపోయింది.

"తలుపుకు గూడా పక్షవాతం వచ్చిందా? టేపు లాగుడు కుదరక బొమ్మకు పైపక్క వంకరొస్తాంది. రంగంటావా, ఆ దేశం పద్ధతి వేరంట, మన పెట్టెకు అందదంట. అంతకుమించి నాకూ తెలీదు."

అంతలో బొమ్మలో నాయన పోయి మంచం మీద కూర్చున్నాడు. ముఖం అద్దం మధ్యలోకి దిగి, చక్కగా మా నాయన ముఖమే అయింది. చిన్నాయన చొక్కా విప్పేశాడు. అమ్మ ఆ క్యాసెట్టు మూడుసార్లు వేయించుకుని చూసి, నవ్వింది కూడా.

మరుసటి ఎండాకాలం నాయన సెలవు మీద వచ్చి బస్టాండులో దిగాడు. నలుగురిలో మొగుడి పక్కన నిలబడడానికే సిగ్గుపడే మా అమ్మ, ఆయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏందే ఇదని నాయన అడిగితే, ఏం లే, ఇంటికి పోదాం పా అంది.

మనిషి వంకరగా కనిపిస్తే వెనక తలుపు కూడా చూడాలని వీడియో అన్న దగ్గర నేర్చుకున్నాను. చాలాసార్లు మరిచిపోయాను కూడా, అబద్ధమెందుకు. కానీ స్కేలు పెట్టి చూపించాక కూడా అమ్మ ఆ భయాన్ని ఏడాది పాటు ఒంటరిగా మోసిందని పెద్దయ్యాక గాని నాకు తట్టలేదు. అందుకే ఇప్పటికీ ఎవరికైనా ధైర్యం చెప్పి వస్తే, మర్నాడు మళ్లీ ఒకసారి పోయి పలకరిస్తాను.