కంటికొలతతో కుట్టిన చొక్కా

అది మార్చి మూడవ తేదీ. తెల్లవారినప్పటి నుంచి సన్నని ముసురు. పరాయి దేశపు వీధిలో, లాండ్రీ పై అంతస్తున, కొత్తగా వచ్చినవారికి ఇంగ్లీషు నేర్పే గదికి ఇద్దరు తోడికోడళ్ళు ఒకే గొడుగు కింద మొదటిసారి చేరుకున్నారు. పెద్దామె కుట్టుపని చేస్తుంది. చిన్నామెకు ఇంట్లో వసపిట్ట అని పేరు.

పెద్దామె పాఠాలన్నీ కంఠస్థం చేసింది. వ్యాకరణం వచ్చినవారికి ఒక శాపముంది: వాక్యం లోపల పూర్తిగా కుదిరేదాకా పెదవి కదలదు, ఈలోగా సంభాషణ వీధి మలుపు దాటిపోతుంది. వసపిట్టకు ఆ బాధ లేదు. దొరికిన నాలుగు మాటలకు చేతులూ కళ్ళూ జోడించి, నెల తిరగకుండా ఏడు దేశాలవారితో చుట్టరికం కలిపేసింది.

ఎవరితో కలిసినా పెద్దామె ఓర్చుకునేది. రొట్టెల దుకాణంలో పనిచేసే ఆవిడ విషయంలో మాత్రం కడుపు మండింది. మొదటి రోజున ఆవిడ పెద్దామె పక్కనే కూర్చుని పెన్సిలు పంచుకుంది. ఈ ఊళ్ళో తనదంటూ ఒక్క స్నేహితురాలుంటే ఈవిడే కావాలని పెద్దామె ఆనాడే అనుకుంది. ఇప్పుడావిడ వసపిట్ట పక్కకు మారింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అన్నారు. ఆ నవ్వులో మూడో గొంతు కలిస్తే ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

“ఏంటే ఆ ఇకిలింపు?” అంది పెద్దామె ఒకనాడు మెట్లు దిగుతూ.

“ఆవిడ నా ఇంగ్లీషు విని నవ్వుతోందక్కా. నువ్వూ మాట్లాడొచ్చుగా, ముత్యాలు రాలిపోతాయా?”

“తప్పులు మాట్లాడి నవ్వులపాలయ్యే ఓపిక నాకు లేదమ్మా.”

“అయితే కూర్చో, మూగనోము పట్టి!”

మాటతో గెలవలేనిదాన్ని చేత్తో గెలవాలనుకుంది పెద్దామె. రొట్టెలావిడకు చొక్కా మొదలుపెట్టింది. తనకు టేపు అక్కర్లేదు, కన్ను చాలునని గర్వం. వారం పాటు చాటుగా కుట్టింది. ఆ వారమంతా తరగతిలో ఆమె కన్ను మాత్రం వసపిట్ట మీదే ఉంది.

తరగతుల చివరి రోజున అందరి ఎదుటా ఇచ్చింది. రొట్టెలావిడకు భుజాలు పట్టలేదు. చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. ఆవిడ నొచ్చుకోకుండా నవ్వి, చొక్కాను వసపిట్టకు అందించింది. పోతపోసినట్టు సరిపోయింది. పదేళ్ళుగా తోడికోడలి బట్టలు కుట్టిన చేయి, అలవాటైన కొలతనే కత్తిరించింది.

“నాకా అక్కా? చెప్పనే లేదే!” వసపిట్ట కళ్ళు చెమ్మగిల్లాయి.

“నీకేలే,” అంది పెద్దామె, తల దించుకుని. గదంతా చప్పట్లు కొట్టింది.

వసపిట్ట కాపురం వేరే ఊరికి మారింది. ఎనిమిదేళ్ళ తరువాత పెద్దామె ఆమెకు ఇలా రాసింది:

“చెల్లీ, ఆ చొక్కా నీకు కుట్టింది కాదు. దాచలేక చెబుతున్నాను. నిన్ను వదిలి నా పక్కన కూర్చుంటుందని రొట్టెలావిడకు కుట్టాను. ఇప్పుడు నేనూ తప్పులతోనే మాట్లాడుతున్నాను, ఆవిడ నవ్వుతుంది. కాని కొట్లో అడుగు పెట్టగానే ముందు నీ క్షేమమే అడుగుతుంది, నాకింకా ఒళ్ళు మండుతుంది. ఆవిడకు నెలకో ఉత్తరం, నాకు ఆర్నెల్లకొకటా? ఇదేం న్యాయమే? ఒళ్ళు చేశావని విన్నాను. కొత్త కొలతలు పంపు. ఇక్కణ్ణుంచి నా కంటికి ఆనడం లేదు.”