మంజులను కాపాడిన మధ్యాహ్నం

అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ ఓనరమ్మని, ఒక ఆటో అన్నని, జనగామ అవతల పొలంలో పనిచేసుకుంటున్న ఒక తండ్రిని ఒకే మధ్యాహ్నం గడగడలాడించిన ఘనత నాది. అది పగతో చేసిన పని కాదండీ, సేవాభావంతో చేసింది. పగతో చేసేవాళ్లు కాస్త ఆలోచించి చేస్తారు.

అప్పట్లో నేను గ్రూప్స్‌కి చదువుతూ కామేశ్వరి గారి లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ఆ వీధుల్లో ఎటు చూసినా మాలాంటి వాళ్లే. చదివి చదివి దిగులు పడి, ఆ దిగులు బయటికి చెబితే చదువు వెనకబడుతుందని మింగేసేవాళ్లు. అందుకని చిక్కడపల్లిలో కొందరు కలిసి ఒక సంఘం పెట్టారు. హాస్టల్ పిల్లల్లోనే కొందరికి శిక్షణ ఇచ్చి, పక్క మంచం మనిషి బాధ వినడం నేర్పిస్తారు. ఆ బాధ మన శక్తికి మించిందనిపిస్తే నారాయణగూడలో ఉండే కౌన్సెలర్ సునందక్క దగ్గరికి పంపాలి. మాకు వాళ్లు పెట్టిన పేరు 'తోడు'.

నేను ఎగిరి గంతేసి చేరాను. అక్కడే నా అసలు జబ్బు బయటపడింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్ల చేతికి పెళ్లి శుభలేఖ ఇచ్చినా, ముఖ్యమైన చోట కింద గీత గీసుకుంటారు. సునందక్క మనసు పెట్టి మాట్లాడుతుంటే నేను రంగురంగుల పెన్నులతో నోట్స్ రాసుకున్నాను. 'ప్రమాద సూచనలు' అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బిట్లు వచ్చే చాప్టర్ అదే కదా! సొంత వస్తువులు పంచిపెట్టడం, చాలా రోజుల దిగులు తర్వాత హఠాత్తుగా హుషారు, వీడ్కోలు లాంటి మాటలు. ముక్కున పట్టేశాను.

"రజితా, ఇది బట్టీ కొట్టేది కాదమ్మా," అంది సునందక్క.

"బట్టీ కాదక్కా, రివిజన్ చేస్తున్న."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదవకముందు ఎంత ఉండేదో ఇప్పుడు చెప్పడం కష్టం.

నా రూమ్మేట్ మంజుల రైతు బిడ్డ, ఏళ్లుగా చదువుతోంది. ఆ నెలంతా ఆమె అన్నం కెలికి వదిలేసేది, గోడవైపు తిరిగి పడుకునేది. 'తోడు'ని కదా, నేనేం చేశానంటారా? నా మంచం మీద కూర్చుని చాలా శ్రద్ధగా గమనించాను. పలకరిస్తే ఏం తప్పు మాట్లాడతానోనని భయం.

ఒకరోజు భోజనాలయ్యాక మెట్ల దగ్గర గోల వినిపించింది. వెళ్లి చూస్తే మంజుల తన పుస్తకాలన్నీ మెట్ల మీద పేర్చి, "ఎవలకు ఏది గావాల్నో తీస్కోండ్రి," అంటోంది. పాలిటీ, ఎకానమీ, తెలంగాణ చరిత్ర, ఎవరినీ ముట్టుకోనివ్వని అట్లాసుతో సహా. పైగా నవ్వుతోంది!

ఒకటో సూచన, రెండో సూచన.

"ఏందే ఇది? ఎటు పోతున్నవ్?" అన్నాను.

"గిక్కడికే." పసుప్పచ్చ డ్రెస్ వేసుకుని, తల నున్నగా దువ్వుకుని ఉంది. నా భుజం తట్టింది. "పోయొస్త రజితా. నువ్వు మంచిగ చదువుకో. పైలం."

మూడోది! మూడుకి మూడు! ఏ ప్రిలిమ్స్‌లోనూ నాకు అన్ని మార్కులు రాలేదు. నేను చెప్పులు వెతుక్కునేసరికి ఆమె వీధి మలుపు తిరిగిపోయింది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

కామేశ్వరి గారి దగ్గరికి పరిగెత్తాను. వాళ్ల తాతల కాలంలోనే గోదావరి నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం. ఆవిడ మాట మాత్రం ఇంకా గోదావరి దాటలేదు.

"ఆంటీ! మంజుల ఏమన్న చేస్కుంటదేమో ఆంటీ!"

"అయ్యయ్యో! ఎందుకే తల్లీ? ఏమైంది? ఏమైనా చెప్పిందా?"

"చెప్పలే. నాకే తెల్సిపోయింది!"

"మరింకా చూస్తావేంటే, ముందు వాళ్ల నాన్నగారికి ఫోన్ చెయ్యి!"

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఆవిడ. నేనైతే ఆ దున్నపోతుకి దగ్గరుండి పురుడు పోశాను. హాస్టల్ రిజిస్టర్‌లో నంబరు చూసి వెంటనే ఫోన్ కలిపాను.

"బాపూ, నేను మంజుల రూమ్మేటు రజితను. మీరు జర ఎంటనే రావాలె."

"ఏమైంది బిడ్డా? నా బిడ్డకేమైంది?"

"ఇంకా అయితే ఏం గాలే బాపూ!"

ఒక తండ్రితో 'ఇంకా' అనే మాట అనకూడదని శిక్షణలో చెప్పలేదు. అలా అనేవాళ్లు ఉంటారని పాపం వాళ్లు ఊహించి ఉండరు. అవతల ఫోన్ ఎక్కడో పడిన చప్పుడైంది.

వీధి చివర జిరాక్స్ అన్నని అడిగితే, "పసుప్పచ్చ డ్రెస్ పిల్లనా? ఇప్పుడే ఆటో ఎక్కింది. నారాయణగూడ మార్కెట్ అన్నది," అన్నాడు. మేమూ ఆటో ఎక్కాం. "ఏమైందక్కా, గంత పరేషాన్‌ల ఉన్నరు?" అన్నాడు ఆటో అన్న. కామేశ్వరి గారు ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. అతను హారన్ మీద పెట్టిన చెయ్యి మళ్లీ తియ్యలేదు.

చిక్కడపల్లి దాటగానే ట్రాఫిక్ ఆగిపోయింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఆటోలో కూర్చున్న నాకు, ఆమె గోడవైపు తిరిగి పడుకున్న ఆ నెలలో ఒక్కసారైనా వెళ్లి పక్కన కూర్చోలేదే అని ఏడుపొచ్చింది. మా ఊరి పోచమ్మకు, దారిలో కనిపించిన ప్రతి గుడికీ దర్గాకీ మొక్కుకున్నాను. మంజుల కనబడితే చాలు, ఇంకేం వద్దు.

"అదిగోనే!" అని అరిచింది కామేశ్వరి గారు.

మార్కెట్ పక్క సందులో ఒక పాత బిల్డింగు మెట్ల మీద పసుప్పచ్చ చున్నీ కనిపించి మాయమైంది. "మంజులా!" అని అరిస్తే హారన్ల మధ్య ఎవరికి వినబడుతుంది! నేను ముందు, కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని ఆవిడ వెనక, నడిరోడ్డు మీద ఆటో వదిలేసి అన్న ఆ వెనక, మెట్లెక్కాం. మొదటి అంతస్తులో మూసిన తలుపు. బోర్డు లేదు. బయట మంజుల చెప్పులున్నాయి.

"మంజులా, తలుపు తియ్యి! నీకు దండం పెడ్త, తియ్యవే!" అని రెండు చేతులా బాదాను. జవాబు లేదు.

"జరగుండ్రి అక్కా, పగలగొడ్త," అని అన్న నాలుగడుగులు వెనక్కి వేసి, భుజం ముందుకు పెట్టి పరుగెత్తుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. అన్న ఆ వేగంతోనే లోపలికి వెళ్లి సోఫాలో పడ్డాడు.

తలుపు తీసింది సునందక్క. ఎవరినీ ఎప్పుడూ పంపలేదు కాబట్టి ఆమె గది ఎక్కడుందో నేను చూడనేలేదు. వచ్చేవాళ్లను ఎవరూ గుర్తుపట్టకూడదని బోర్డు పెట్టలేదట. మా పుణ్యమా అని ఆ రోజు సందంతా కిందనుంచి చూస్తోంది.

లోపల మంజుల, చేతిలో మంచినీళ్ల గ్లాసు, కళ్లనిండా నీళ్లు.

"నువ్వా? ఎందుకొచ్చినవే?"

"పుస్తకాలు పంచినవ్. నవ్వినవ్. ఫోన్ బంద్ పెట్టినవ్."

"ఫోన్‌ల చార్జింగ్ లేదు! ఇగ పరీక్షలు రాయొద్దని నిర్ణయం చేస్కున్న. ఇన్నేండ్ల బరువు దిగింది, నవ్వకపోతె ఏంజెయ్యాలె? గని బాపుకు ఎట్ల చెప్పాల్నో తెల్వక అక్క దగ్గరికొచ్చిన. నా బిడ్డ ఆఫీసరైతదని ఊరంత చెప్పుకున్నడు. ఒక్కసారే ఇంటె తట్టుకోలేడు. జర మెల్లగ నేనే చెప్త..." ఆగి, మా ముగ్గురినీ చూసింది. "నువ్వెవలకు చెప్పలేదు గద?"

కామేశ్వరి గారు ఫ్యాన్ వైపు చూసింది. ఆటో అన్న నా వైపు చూశాడు.

"ఒక్కలకే చెప్పిన," అన్నాను.

"ఎవలకు?"

"బాపుకు."

మంజుల గ్లాసు కింద పెట్టింది. చేతులు ఖాళీ చేసుకున్నది నన్ను కొట్టడానికి కాదని ఇప్పటికీ నమ్ముతున్నాను. సునందక్క మా మధ్యకు వచ్చింది.

"అనుమానం రావడం తప్పు కాదు రజితా. ఊరుకోకుండ కదిలినవ్, మంచిదే. గానీ అందరినీ అడిగినవ్, ఈమెను తప్ప! 'నీకు అసొంటి ఆలోచన ఏమన్న వస్తుందా' అని నేరుగా ఈమెనే అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదమ్మా."

మంజుల వాళ్ల బాపుకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. కంగారులో ఫోన్ గట్టు మీదే వదిలేసి బస్సెక్కాడు మరి. అందరం హాస్టల్‌కి వచ్చి కూర్చున్నాం. మంజుల నాతో మాట్లాడలేదు. "ఇప్పుడు నన్ను ఇంటికి తీస్కపోతడు, ఇగ నా మాట ఇనడు," అని సునందక్కతో మాత్రం అంది. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

సాయంత్రం ఆయన వచ్చాడు. కాళ్లకు బురద అలాగే ఉంది. మంజులను చూడగానే రెండు చేతులా ముఖం పట్టుకుని తడిమాడు. మంజుల గబగబా చెప్పేసింది.

"బాపూ, నేనిగ పరీక్షలు రాయ. నాతోని గాదు. కోపం జెయ్యకు."

ఆయన మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు.

"గంతేనా?"

"గంతే బాపూ."

"గింతదానికా! బస్సుల కూసోని నేనేమేమి అనుకున్ననో నీకెర్కనా బిడ్డా? రాయకపోతె మానె. నువ్వుంటె సాలు." అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చేశాడు. మంజుల ఆయన ఒళ్లో తలపెట్టింది.

ఇక చూస్కోండి, నాకు మళ్లీ కొమ్ములు మొలిచాయి. నేను భయపెట్టబట్టే కదా ఇంత సులువుగా ఒప్పుకున్నాడు!

"ఎక్కువ ఉబ్బకు. నీ సంగతి మళ్ల చెప్త," అంది మంజుల తలెత్తకుండానే.

ఆయన కళ్లు తుడుచుకుని నన్ను పిలిచాడు. "బిడ్డా, మీ బాపుకు ఫోన్ కలుపు. ఒక ముచ్చట చెప్పాలె."

కూతురి గొప్పతనం మా నాన్న వినాలి కదా! అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి మరీ ఇచ్చాను.

"అన్నా, నీ బిడ్డ బంగారం. నా బిడ్డ కోసం ఉరికింది. గని నేనొచ్చిన కాన్నుంచి చూస్తున్న, పిల్ల చేతులు వణుకుతున్నయ్, కండ్లు లోపటికి వోయినయ్. నువ్వొకసారి వచ్చి చూసిపో."

"అయ్యో, నాకేం గాలే!" అని అరిచాను. ఆ అరుపు విన్నాక మా నాన్నకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

తెల్లారి మొదటి బస్సుకే దిగాడు. గేటు దగ్గర నన్ను పైనుంచి కిందికి చూసి, "నిద్ర వోతున్నవా బిడ్డా?" అన్నాడు. "పోతున్న," అందామని నోరు తెరిచాను. ఏడుపే వచ్చింది. నేను నిద్రపోయి ఎన్నాళ్లయిందో నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఆ వారమే సునందక్క ఎదుటి కుర్చీలో నేను కూర్చున్నాను.

కాబట్టి అయ్యలారా అమ్మలారా, మా ఊరి పోచమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషి మనసు గురించైనా ముందు ఆ మనిషినే అడుగుతాను. ఎవరెంత మెచ్చుకోబోయినా సరే, స్పీకర్ మాత్రం పెట్టను.