టెక్కలి కొట్టులో అత్త పెట్టుకున్న బొట్టు

మా మేనత్త పోయింది. పోయిన వారం ఓ రోజు పొద్దున్నే పలాస నుంచి ఫోనొచ్చింది, నిద్రలోనే పోయిందన్నారు. ఏడుపు కన్నా ముందు నాకో ప్రశ్న గుర్తొచ్చింది. దానికి జవాబు చెప్పాల్సింది ఆవిడే.

పలాస బజారులో అత్తా మావలది ఫ్యాన్సీ కొట్టు. స్నో, పౌడరు, రిబ్బన్లు, సవరాలు, అన్నిటికన్నా ఎక్కువగా తిలకం సీసాలు. పండగలొస్తే ఉద్దానం ఊళ్ల నుంచి, సముద్రం పక్క పేటల నుంచి ఆడవాళ్లు గుంపులుగా దిగేవారు. రంగు తెలియడానికి అత్త వాళ్ల మణికట్టు మీద తిలకంతో సన్నగా గీత గీసేది. ఎవరైనా పెదవి విరిస్తే, "ముందు మొకం కడుక్కొచ్చి అద్దం సూడమ్మా, అప్పుడు సెప్పు బేరం" అనేది. వాళ్లూ నవ్వేవారు, కొనేవారు.

మావ పోయాక కూడా కొట్టు మూయలేదు. కానీ ఆవిడ చేతి నుంచి బొట్టు సామాను అందుకోవడానికి కొందరు వెనకాడేవారు. అత్త అది కనిపెట్టి, సీసా బల్ల మీద పెట్టి "నువ్వే తీసుకోమ్మా" అని పక్కకి తిరిగేది. రంగులు తన మణికట్టు మీదే గీసి చూపించేది. నుదురు ఖాళీ, చెయ్యంతా ఎరుపు. నాకు ఒళ్లు మండేది. "ఊరుకోయే గుంటా, ఆళ్ల బయం ఆళ్లది" అనేసేది.

పోయిన ఏడాది నుంచి మతిమరుపు పట్టుకుంది. తిన్న వెంటనే "అన్నం పెట్టరేటే" అనేది. ఒకరోజు మావ ఇప్పుడే బజారుకెళ్లినట్టు మాట్లాడేది. ఇంకోరోజు ఆయన తద్దినం నాకే గుర్తుచేసేది.

ఆమధ్య టెక్కలిలో ఓ పాత మేడ బాగుచేసి, వెనకటి కొట్లు ఎలా ఉండేవో అలా అమర్చి చూపిస్తున్నారని విని తీసుకెళ్లాను. అందులో ఫ్యాన్సీ కొట్టూ ఉంది. చెక్క బీరువాలు, రేకు పౌడరు డబ్బాలు, నిలువుటద్దం. ముట్టుకోవద్దని బోర్డు. అత్త తిన్నగా బల్ల వెనక్కి వెళ్లి కూచుంది.

అక్కడ కాపలా ఉన్న అమ్మాయి కంగారుగా వచ్చి, "మామ్మా, అవి సూడ్డానికేనండి" అంది.

"సూడ్డంతోనే కదమ్మా బేరం మొదలు. కూకో, ఏ రంగు కావాల?"

ఆ పిల్ల నవ్వి పక్కకి జరిగింది. అత్త తిలకం సీసా మూత తీసి, పుల్ల ముంచి, అద్దంలోకి వంగి, తన నుదుటి మీదే పెట్టుకుంది. గుండ్రంగా, చెయ్యి వణక్కుండా.

"అత్తా, ఏటి సేత్తన్నావు?" అన్నాను.

"కనబడ్డం లేదేటి?" అంది.

ఎంత బాగుందో ఆవిడ! బస్సులో పక్కకి తిరిగి మళ్లీ మళ్లీ చూసుకున్నాను. నందిగాం దాటాక పమిట చెంగు తడిపి మొత్తం తుడిచేసుకుంది. ఉంచుకోవచ్చు కదా అంటే, "ఇంటికాడ మీ మావ సూత్తే నవ్వుతాడే" అంది.

నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మావ బతికున్నాడనుకుంటే తుడుచుకోవడం దేనికి? పోయాడని తెలిస్తే ఆ మాట దేనికి? మతి తప్పి పెట్టుకుందా, మనసయ్యి పెట్టుకుందా? అడుగుదామనుకుంటూనే ఉన్నాను.

ఫోనొచ్చిన రోజు పలాస వెళ్లి, పోయిన అత్తకి స్నానం చేయించి పడుకోబెట్టాక, నా సంచిలోంచి తిలకం సీసా తీశాను. తలాపున కూచున్న మావ అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో ఆచారాలన్నీ ఆవిడ మాట మీదే నడుస్తాయి.

"అదే అడిగిందేటి నిన్ను, బొట్టెట్టమని?"

అవునంటే పని అయిపోతుంది. కాదంటే టెక్కలిలో చూసింది ఏం చెయ్యను?

"తెలీదు పెద్దమ్మా. ఒకపాలి తనే పెట్టుకుంది, తనే తుడిచీసుకుంది. ఎందుకో నాకు తెలీదు."

ఆవిడ వంగి అత్త ముఖంలోకి చూసింది. తర్వాత నా చెయ్యి వదిలేసి, పక్కకి వాలిన ఆ తలని గడ్డం పట్టుకుని తిన్నగా తిప్పింది.

"పెట్టీ. వంకర పోనీకు."

పెట్టాను. తిలకం ఆరేదాకా ఆవిడ ఆ గడ్డం వదల్లేదు.