కంకరబావి హక్కుదారులు

మా అత్తమ్మ ఎలీశమ్మ హైదరాబాదులోని చంపాపేటకు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పటికీ ఎవరైనా ఊరడిగితే కంకరబావి అంటుంది. ఆ ఊరిప్పుడు లేదు.

నల్గొండ వైపు పట్టాల పక్కన పుట్టిన ఊరది. బొగ్గు ఇంజన్లు అక్కడ ఆగి నీళ్లు తాగేవి. ఆ కాసేపటి ఆగుడు కోసమే క్వార్టర్లు, చాయ్ హోటళ్లు, బడి, చిన్న చర్చి వచ్చాయి. డీజిల్ ఇంజన్లు వచ్చాక రైలు ఆగాల్సిన పనే లేకపోయింది. ఒక్కో ఇంటికీ తాళం పడింది. జనం కొత్తపేట, కర్మన్‌ఘాట్ చేరి ఎవరి బతుకు వాళ్లు చూసుకున్నారు. అక్కడ మిగిలింది శ్మశానం ఒక్కటే. ఏటా సమాధుల పండుగకు అత్తమ్మ సున్నం బకెట్ పట్టుకుని పోతుంది. తన నాన్న సమాధికి, మా మామయ్య సమాధికి వేసి, అందరివాటికీ వేసి వస్తుంది. చర్చి వాళ్లదా కాదా అని చూడదు.

ఈ ఏడు అక్కడ నోటీసు అంటించారు. గోదాము కడతారట. నెలాఖరున అక్కడే జరిగే విచారణలో హక్కుదారులు సంతకం పెట్టిన సమాధులే ఉంటాయి, మిగతావి చదును చేస్తారు.

"అమ్మా, మన రెండిటికి సంతకం పెట్టొస్తే అయిపాయె" అన్నాడు మా ఆయన ఫిన్నీ.

"మన రెండేందిరా? ఊరంత పండుకున్నది గాడ."

చెదిరిపోయిన ఊరివాళ్లను ఇల్లిల్లూ వెతుకుతానని బయల్దేరింది. మోకాళ్ల నొప్పుల మనిషికి ఎందుకీ తిరుగుడు అని నాకు ఒళ్లు మండింది. అయినా వెంట వెళ్లాను. రైతుబజార్లో ఆకుకూరలమ్మే సైదమ్మ తన తండ్రి కోసం అడగకముందే సరేనంది. కొందరు మొహం మీదే తలుపేశారు. అత్తమ్మ వాళ్ల గడపలోనే చతికిలబడింది.

"నువ్వు వస్తనన్నదాక లేవ" అంది. దెబ్బకు దిగొచ్చారు.

విచారణ రోజు అందరూ వరుసగా సంతకాలు పెట్టారు. చివరి సమాధి దగ్గర ఎవరూ కదల్లేదు. ఎప్పుడో రైల్లో ప్రాణం పోయిన ఒక ఆడమనిషిని, పేరు కూడా తెలియకుండా, ఊరు చందాలేసుకుని పూడ్చిన చోటది.

"దీనికెవరూ లేరు కదండీ" అన్నారు అధికారి రామారావు గారు. "ఇది తీసేస్తే లారీలకి దారొస్తుంది."

"నేనున్న. రాసుకోండ్రి."

"ఆవిడ మీకేమవుతారు?"

"మా ఊరామె."

"అలా రాయడం కుదరదండీ. అసలు ఊరే లేదు."

అత్తమ్మ చెప్పులు విడిచి ఆ మట్టి మీద కూర్చుంది. లారీలు తన మీది నుంచి పోతాయా అన్నట్టు చూసింది. నాకు భయమేసింది, గర్వంగానూ అనిపించింది.

"గట్లయితే నా పేరు రాయండ్రి. నేను సచ్చినంక గీమెతోనే, గిదే జాగల పెడతరు నన్ను. లేని ఊరికి ఎవలన్న ఒస్తరా సారు? నేనొస్త."

రామారావు గారు పెన్ను మూత తీశారు. తర్వాత సమాధి ఎవరిదన్న చోట ఎలీశమ్మ అని రాసి, "హక్కుదారు ఎవరు?" అన్నారు.

ఫిన్నీ ముందుకొచ్చి పెన్ను తీసుకున్నాడు. బతికున్న తల్లి ఎదురుగానే కూర్చుని చూస్తుంటే, సంతకం పెట్టి, సంబంధం అన్న చోట కొడుకు అని రాశాడు.